ఇంజను తడబాటు – కార్బురేటరు పాఠము

మట్టిదారులమీదను, గట్లమీదను, ఇసుక వాగులలోను నడుపుటకై నిర్మింపబడిన మోటారు సైకిలును డర్ట్ బైకు అందురు. దానికి బరువు తక్కువ. టైర్లకు లోతైన గళ్లుండును. నేలకును ఇంజనుకును నడుమ ఎడము ఎక్కువ. మన ప్రాంతములలో విదేశములనుండి వచ్చిన అసలైన డర్ట్ బైకులు అరుదు. అయినను 1985 మొదలు 1996 వఱకు మన దేశమున తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 వంటి పాత బండ్లను కొని, దీపములును మడ్గార్డులును ఊడదీసి, మట్టి పందెములకు వాడువారు కర్ణాటకమునను తమిళనాటను పలువురు కలరు.

ఇట్టి బండ్లకు ఒక సామాన్య వ్యాధి కలదు. బండి నిలిచి యున్నపుడు ఇంజను చక్కగా తిరుగుచుండును. ఏక్సిలేటరు పిడిని నెమ్మదిగా త్రిప్పినచో వేగమును బాగుగనే పుంజుకొనును. కాని పిడిని ఒక్కసారిగా త్రిప్పిన తోడనే ఇంజను ఊపిరి బిగబట్టినట్లయి, ఒక క్షణము చతికిలబడి, అటు తరువాతగాని పరుగెత్తదు. వర్క్‌షాపులలో దీనిని “పికప్పు లేదు” అనియో, “మిస్సింగు కొట్టుచున్నది” అనియో చెప్పుకొందురు. మనము దీనిని తడబాటు అని పిలుతము.

ఒక్క క్షణమే గదా యని తోచవచ్చును. తారు రోడ్డుమీద అది చికాకు మాత్రమే. మట్టి దిబ్బ ఎక్కి గాలిలోనికి ఎగురువానికి మాత్రము అది ప్రాణముమీదికి వచ్చు సంగతి. దిబ్బ అంచున వెనుక చక్రము నేలను బలముగా నెట్టవలసిన క్షణముననే ఇంజను నీరసించినచో బండి ముందు భాగము క్రిందికి వాలును. నడుపువాడు పిడిమీదుగా ముందునకు పడును. ఏటవాలు గుట్టను ఎక్కుచున్న బండి నడుమ ఆగినచో వెనుకకు దొర్లును. అంతియే కాదు. తడబాటునకు కారణము పెట్రోలు చాలకపోవుట యైనపుడు, ఆ కొరత ఇంజనును లోలోపల కాల్చివేయును. టూ-స్ట్రోకు ఇంజనులో పిస్టను కరగి సిలిండరునకు అంటుకొని పోవుట పెక్కుమారులు ఇట్లే జరుగును.

తలిదండ్రులకు ఇచట ఒక మాట. గేర్లు గల మోటారు సైకిలు లైసెన్సు 18 ఏండ్లు నిండిన వారికే దొరకును. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము మైనరు పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునకు మూడేండ్ల వఱకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును. కనుక హైస్కూలు విద్యార్థికి ఈ పాఠము పనిముట్టు పట్టుకొనుటకేగాని రోడ్డుమీద పిడి త్రిప్పుటకు కాదు.

గాలి తేలిక, పెట్రోలు బరువు

ఇంజనులో కాలునది పెట్రోలు మాత్రమే కాదు, పెట్రోలును గాలియు కలిసిన మిశ్రమము. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలయును. గ్రాములలో చెప్పిన ఈ లెక్క అల్పముగా కనబడును. దీనిని లీటర్లలోనికి మార్చి చూడుడు. లీటరు పెట్రోలు బరువు ఇంచుమించు 740 గ్రాములు. దానికి కావలసిన గాలి సుమారు 10,900 గ్రాములు. లీటరు గాలి బరువు 1.2 గ్రాములే గనుక, ఒక లీటరు పెట్రోలును కాల్చుటకు దాదాపు 9,000 లీటర్ల గాలి కావలయును. మిద్దెమీద పెట్టుకొను వేయి లీటర్ల నీళ్ల ట్యాంకులు తొమ్మిదింటిని గాలితో నింపినంత! ఇంత గాలిలో అంత పెట్రోలును సమముగా, పొగమంచువలె కలుపుట కార్బురేటరు పని. ఇంజను నిమిషమునకు 6,000 సార్లు తిరుగుచున్నపుడు, టూ-స్ట్రోకు ఇంజనుకు సెకనుకు నూరు మారులు ఈ మిశ్రమమును అందింపవలయును.

ఇది ఎట్లు సాధ్యము? ఇంటిలోనే ఒక ప్రయోగము చేయవచ్చును. గ్లాసు నిండుగా నీరు పోసి, అందులో ఒక స్ట్రా గొట్టమును నిలువుగా నుంచుడు. దాని పై కొన నీటికి కొద్ది ఎత్తున నుండవలయును. మరియొక గొట్టమును అడ్డముగా పట్టి, నిలువు గొట్టపు కొనమీదుగా గాలిని బలముగా ఊదుడు. నీరు నిలువు గొట్టములో పైకి ఎక్కి తుంపరలై చిమ్మును. దోమలమందు చల్లు చేతిపంపు పనిచేయునది ఈ విధముగనే. గాలిని వడిగా పోనిచ్చినచోట ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినచోటికి క్రిందనున్న ద్రవము ఎక్కివచ్చును. ప్రవాహ వేగమునకును ఒత్తిడికిని గల ఈ సంబంధమును డేనియల్ బెర్నూలీ 1738లో తన గ్రంథమున వివరించెను. గొట్టము నడుమ ఇరుకైనచోట ఒత్తిడి ఎట్లు తగ్గునో ఇటలీ దేశీయుడగు వెంచూరి 1797లో ప్రకటించెను. హంగేరీ దేశమున డోనాట్ బాంకీ, యానోష్ చోంకా అను ఇరువురు పెట్రోలును తుంపరగా చిమ్ము కార్బురేటరునకు 1893లో పేటెంటు పొందిరి. మన బండిలో నున్నది ఆ కుటుంబమునకు చెందిన పరికరమే.

కార్బురేటరు గొట్టములో గాలి దారికి అడ్డముగా, బిరడావలె పైకి క్రిందికి కదలు ఒక స్తంభము కలదు. దానిని స్లైడు అందురు. ఏక్సిలేటరు కేబులు లాగునది దీనినే. స్లైడు లేచినకొలది గాలికి దారి పెద్దదగును. స్లైడు అడుగుననుండి ఒక సన్నని సూది వ్రేలాడుచు, క్రింది పెట్రోలు రంధ్రములోనికి దిగియుండును. సూది మొన క్రమముగా సన్నమగుటచే, స్లైడు లేచినకొలది ఆ రంధ్రములో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువ వచ్చును. అన్నిటికంటె అడుగున ఫ్లోటు గిన్నె కలదు. అందులో పెట్రోలు ఎల్లప్పుడును ఒకే మట్టమున నిలుచునట్లు తేలుడు బుడ్డి ఒకటి కాపలా కాయును.

ఇక తడబాటు పుట్టుక చూతము. పెట్రోలు గాలికంటె ఆరువందల రెట్లకు పైగా చిక్కనైన పదార్థము. పిడిని ఒక్కసారిగా త్రిప్పగనే స్లైడు పైకెగయును. తేలికయైన గాలి ఆ క్షణముననే లోనికి దూకును. బరువైన పెట్రోలు మాత్రము కదలుటకు కొంత వ్యవధి తీసికొనును. పైగా దారి హఠాత్తుగా వెడల్పగుటచే గాలి వడి ఆ క్షణమున తగ్గి, పెట్రోలును పైకి లాగు బలమును సన్నగిల్లును. ఈ రెండు కారణములచే ఒక క్షణమాత్రము సిలిండరులోనికి గాలియే ఎక్కువగా పోవును. కాలుటకు చాలినంత పెట్రోలు లేక ఇంజను తడబడును. కావున తడబాటు అనునది ప్రతి కార్బురేటరులోను పుట్టుకతోనే పొంచియున్న దోషము. సరిగా అమర్చిన బండిలో అది మనకు తెలియనంత స్వల్పముగా నుండును. అమరిక చెడిన బండిలో బయటపడును.

తడబాటునకు చిరునామా

ఇచట ముఖ్యమైన సంగతి చెప్పవలసియున్నది. కార్బురేటరులో పెట్రోలు వచ్చు దారి ఒక్కటి కాదు. పిడిని ఎంత త్రిప్పితిమో దానినిబట్టి ఒక్కొక్క భాగము అధికారము వహించును. పిడి మూసియున్నప్పటినుండి ఎనిమిదవ వంతు త్రిప్పునంతవఱకు స్లో జెట్టును, దాని ప్రక్కనుండు ఎయిర్ స్క్రూయు యజమానులు. ఎనిమిదవ వంతునుండి నాలుగవ వంతు వఱకు స్లైడు అడుగున కోసిన వాలు లెక్కకు వచ్చును. పావునుండి ముప్పావు వఱకు సూదిదే పెత్తనము. ముప్పావు దాటిన తరువాత మెయిన్ జెట్టు. ఈ హద్దులు గోడలవంటివి కావు, ఒకదానిలోనికి మరియొకటి కలిసిపోవును. అయినను రోగము ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి దారి లేదు.

కాబట్టి స్పానరు పట్టకముందు చేయవలసిన పని యొకటి. తెల్లని టేపు ముక్కను పిడిమీద నొకటి, ప్రక్కనున్న కదలని భాగముమీద నొకటి అంటించి, పిడి మూసినచోటను, పావు, సగము, ముప్పావు, పూర్తిగా త్రిప్పినచోట్లను కలముతో గీతలు గీయవలయును. మైదానములో, లైసెన్సు గల పెద్దవారెవరైనను బండిని నడిపి, ఏ గీతకడ తడబాటు వచ్చుచున్నదో చూడవలయును. ఇది ఐదు నిమిషముల పని. దీనిని చేయక, జెట్లు కొని మార్చువారే ఎక్కువ.

కృష్ణగిరి దాపున మట్టి పందెములకు పోవు ఒక యువకుని ఆర్.ఎక్స్. 100 సంగతి నాకు తెలియును. బండికి పికప్పు లేదని అతడు మెయిన్ జెట్టు మార్చించెను. కుదరలేదు. ఇంకను పెద్ద జెట్టు వేయించెను. మరల ఇంకొకటి. మూడు జెట్లు మారినను తడబాటు తగ్గలేదు సరిగదా, పూర్తి వేగమున బండి నల్లని పొగ క్రక్కుచు ప్లగ్గు మసిబారసాగెను. చివరకు టేపు గీతలతో పరీక్షింపగా, తడబాటంతయు మొదటి ఎనిమిదవ వంతులోనే యున్నట్లు తేలెను. అక్కడ మెయిన్ జెట్టునకు పనియే లేదు! వెదకిచూడగా కార్బురేటరును సిలిండరుతో కలుపు రబ్బరు గొట్టము అడుగుప్రక్క వెండ్రుకవంటి పగులు కనబడెను. ఆ పగులుగుండ దొంగగాలి లోనికి పోవుచుండెను. పిడి కొద్దిగా త్రిప్పినపుడు ఇంజను పీల్చు గాలియే స్వల్పము గనుక, ఆ దొంగగాలి అందు పెద్ద భాగమై మిశ్రమమును పలుచన చేసెను. పిడి పూర్తిగా త్రిప్పినపుడు అది లెక్కలోనికి రాలేదు. రబ్బరు మార్చి, మొదటి మెయిన్ జెట్టును మరల బిగింపగా బండి కుదురుకొనెను. జెట్లకైన ఖర్చు రబ్బరు వెలను మించినది.

పలుచన, చిక్కన

చిరునామా తెలిసిన తరువాత రోగము స్వభావము తెలియవలయును. మజ్జిగవలె మిశ్రమమును పలుచన కావచ్చును, చిక్కన కావచ్చును. పెట్రోలు తక్కువైనది పలుచన, ఎక్కువైనది చిక్కన. రెండింటను ఇంజను తడబడును గాని ఆ తడబాట్ల తీరు వేరు. పలుచన మిశ్రమముతో ఇంజను “హుమ్” అని పొడిగా ఊపిరి బిగబట్టును. ఒక్కొక్కపుడు కార్బురేటరులోనికే “టప్” అని ఎదురు పేలును. పిడి వదలినను వేగము వెంటనే దిగక కొంతసేపు అటులే నిలుచును. చల్లని ఇంజనులో ఈ లక్షణము ఎక్కువ, వేడెక్కినకొలది తక్కువ. చిక్కని మిశ్రమముతో ఇంజను “బడబడ”మని తడిగా మూల్గును, పొగ నల్లబడును, వేడెక్కినకొలది తడబాటు హెచ్చును.

సందేహము తీరుటకు చోకు చక్కని సాక్షి. ఇంజను వేడెక్కిన తరువాత చోకును కొద్దిగా వేసి, మరల నదే తావున పిడి త్రిప్పి చూడుడు. చోకు పెట్రోలును ఎక్కువ చేయును. కాబట్టి తడబాటు తగ్గినచో ముందు మిశ్రమము పలుచనయైనదన్నమాట. హెచ్చినచో చిక్కనైనది. ప్లగ్గు రంగును సాక్ష్యమిచ్చును: లేత గోధుమ రంగు మంచిది, సున్నమువలె తెల్లనిది పలుచనకు గుర్తు, మసిపట్టి నల్లనిది చిక్కనకు గుర్తు.

నూనెను పెట్రోలులోనే కలిపి పోయు టూ-స్ట్రోకు బండ్లకు పలుచన తడబాటు మిక్కిలి ప్రమాదకరము. అందు పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. వేడి పెరుగును, జిడ్డు తరుగును. కాబట్టి చిక్కన తడబాటుతో బండిని ఇంటికి తోలుకొని రావచ్చునుగాని, పలుచన తడబాటుతో పందెము పూర్తిచేయవలెనను పంతము కూడదు.

చవుకయైనవి ముందు

కార్బురేటరును విప్పకముందే చూడవలసినవి కొన్ని కలవు. గాలి ఫిల్టరు మట్టితో మూసికొనిపోయినచో మిశ్రమము చిక్కనగును. మట్టిదారి బండికి ఇది నిత్యవ్యాధి, ప్రతి పందెము తరువాతను ఫిల్టరును కడుగువారే తెలివైనవారు. ప్లగ్గు పాతదైనచో మార్చవలయును. ఏక్సిలేటరు కేబులు పట్టుచున్నదేమో చూడవలయును. ట్యాంకు మూతలోని గాలి రంధ్రము మూసికొనిపోయినను ఇంజను ఆగును గాని, అది పిడి త్రిప్పగనే కాదు. బండి కొంత దూరము వడిగా పోయిన తరువాత పెట్రోలు దిగక ఆగును, మూత తీయగనే మరల కదలును. ఈ భేదము తెలియనివారు దానిని కూడ తడబాటుగా నెంచి కార్బురేటరును విప్పుదురు.

రబ్బరు పగులును కనుగొనుటకు, ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నపుడు అతుకులమీద నీటిని సన్నని తుంపరగా చల్లుట చాలును. నీరు పగులులోనికి పోయినచో ఇంజను శబ్దము మారును. ఇందుకు పెట్రోలు చల్లువారు లేకపోలేదు. వేడి ఇంజనుమీద పెట్రోలు చల్లుట అగ్నితో చెలగాటము. ఈ పనులన్నియు ఆరుబయట, మంటకును బీడీకిని దూరముగా, పెద్దల ఎదుట జరుగవలయును. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయుటకు ఎక్కువసేపు పట్టదు.

తరువాత ఫ్లోటు గిన్నె అడుగు స్క్రూను వదులుచేసి, లోని పెట్రోలును గాజు గ్లాసులోనికి దింపి చూడవలయును. అడుగున నీటి బొట్లు గుండ్రముగా దొర్లుచుండినచో కారణము అక్కడనే దొరకినట్లు. ఈ కాలపు పెట్రోలుతో ఈ జాగ్రత్త మరింత అవసరము. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును; నీరు హెచ్చినపుడు ఆ నీటితో కలిసి అడుగునకు విడిపోవును. పైగా ఈ పెట్రోలు గ్రామునకు కావలసిన గాలి 14.7 గ్రాములు కాదు, సుమారు 13.5 గ్రాములే. పాత పెట్రోలునకు సరిపోవునట్లు జెట్లు బిగించిన పాత బండిలో దీనిని పోసినచో మిశ్రమము కొంత పలుచనగును. అంతవఱకు ఎట్లో నడచుచున్న బండి తడబడ మొదలిడుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

స్లో జెట్టు

పావులోపల పుట్టు పలుచన తడబాటునకు పదింట ఎక్కువ పాళ్లు స్లో జెట్టే కారణమని నా తలంపు. దాని రంధ్రము అర మిల్లీమీటరు కూడ ఉండదు. బండిని నెలలతరబడి కదల్పక యుంచినపుడు గిన్నెలోని పెట్రోలు ఆవిరియై, వార్నీషువంటి జిగురు మిగులును. ఆ జిగురు మొట్టమొదట మూయునది ఈ చిన్న రంధ్రమునే. సెలవులలో మూలబడిన బండి సెలవుల తరువాత తడబడుటలో వింత లేదు.

శుభ్రపఱచుటలో ఓర్పు కావలయును. కార్బురేటరు విప్పుటకు ముందు పెట్రోలు కుళాయిని మూసి, ఇంజనును చల్లారనీయవలయును. విప్పిన ముక్కలను తెల్లని గుడ్డమీద విప్పిన వరుసలోనే పేర్చినచో బిగించునపుడు తికమక యుండదు. జెట్టు ఇత్తడిది. ఇత్తడి మెత్తన. సూదితోనో ఉక్కు తీగెతోనో పొడిచినచో రంధ్రము సాగి పెద్దదై, కొలత చెడిపోవును; ఆ జెట్టు ఇక పనికిరాదు. కార్బురేటరు క్లీనరులో నానవేసి, గాలి పంపుతో ఊదుట ఉత్తమము. అప్పటికిని వదలనిచో, కరెంటు తీగెలోని సన్నని రాగి పోగు నొకదానిని మెల్లగా దూర్చవచ్చును. జెట్టును వెలుతురునకు ఎదురుగా పట్టిచూచినపుడు గుండ్రని వెలుగుచుక్క కనబడవలయును. అర్ధచంద్రాకారమున కనబడినచో ఇంకను జిగురున్నది. జెట్టు ఒక్కటియే కాదు, అది బిగియు దారిని, స్లైడు దాపున గొట్టములోనికి తెరచుకొను చిన్న రంధ్రములను కూడ ఊది చూడవలయును. పలువురు ఇక్కడనే పొరబడి, “జెట్టు కడిగితిమి, అయినను కుదరలేదు” అందురు.

ఇక ఎయిర్ స్క్రూ. ఇది స్లైడునకు ఫిల్టరువైపున నున్నచో గాలిని అదుపుచేయును: లోనికి బిగించినచో గాలి తగ్గి మిశ్రమము చిక్కనగును. స్లైడునకు ఇంజనువైపున నున్నచో అది పెట్రోలును అదుపుచేయును: బయటికి త్రిప్పినచో చిక్కనగును. ఒకే రూపమున నుండు రెండు స్క్రూలు ఒకదానికొకటి విరుద్ధముగా పనిచేయును గనుక, ఏది ఎటువైపున నున్నదో చూడక చేయి వేయరాదు. మొదట స్క్రూను ఆనునంతవఱకు మెత్తగా బిగించి, అచ్చటినుండి ఒకటిన్నర చుట్టు వదలవలయును. ఇంజను వేడెక్కిన పిమ్మట పావుచుట్టు చొప్పున అటునిటు త్రిప్పుచు, ఇంజను అత్యధిక వేగమున, నునుపుగా తిరుగు తావును చెవితో పట్టుకొనవలయును. గాలిని అదుపుచేయు స్క్రూ విషయమున ఆ తావు ఒక చుట్టులోపలనే దొరకినచో స్లో జెట్టు చిన్నదనియు, రెండున్నర చుట్లు దాటినచో పెద్దదనియు గ్రహించి ఒక అంకె మార్చవలయును. ఒక మారునకు ఒక్క మార్పే చేసి, ఆ మార్పును నోటు పుస్తకమున వ్రాసికొనవలయును. రెండింటిని కలిపి మార్చినచో దేనివలన మేలు కలిగెనో తెలియనేరదు.

తడబాటు పావు దాటిన తరువాత వచ్చుచున్నచో సూదిని చూడుడు. సూది తలకడ సాధారణముగా ఐదు గాట్లుండును. వానిలో నొకదానియందు చిన్న క్లిప్పు ఇరికియుండును. క్లిప్పును ఒక గాటు క్రిందికి దించినచో సూది పైకి లేచి మిశ్రమము చిక్కనగును. పైకి మార్చినచో పలుచనగును. క్లిప్పు దింపుట, సూది లేచుట – ఇది తలక్రిందు లెక్కగా తోచి విద్యార్థులు తికమక పడుదురు. సూది ఆ క్లిప్పునుండియే వ్రేలాడుచున్నదని జ్ఞాపకముంచుకొనిన తికమక యుండదు. ముప్పావు దాటిన తరువాతనే మెయిన్ జెట్టు వంతు. స్లైడు అడుగు వాలును మార్చవలసిన అవసరము చాల అరుదు. దానిని గూర్చి ఇచట చెప్పనక్కరలేదు.

పెద్ద ఫోర్-స్ట్రోకు పందెపు బండ్లలో గాలి దారి మిక్కిలి వెడల్పు. వానికి ఎంత చక్కగా అమర్చినను పుట్టుకతో వచ్చిన తడబాటు తీరదు. అందుచే 1998లో వచ్చిన యమహా వై.జెడ్. 400 వంటి బండ్ల కార్బురేటరులో ఒక చిన్న పంపును అమర్చిరి. పిడి త్రిప్పగనే ఆ పంపు ఒక ధార పెట్రోలును గాలిదారిలోనికి చిమ్మి, వెనుకబడిన పెట్రోలునకు బదులు తీర్చును. అట్టి బండి తడబడినచో, ఇంజను ఆపి, గాలి పెట్టెను తొలగించి, పిడిని త్రిప్పుచు చూడవలయును. ధార తక్షణమే రావలయును. ఆలస్యముగా వచ్చినచో, లేక రానిచో, పంపులోని రబ్బరు పొర చినిగియుండును.

ఊరు మారిన, గాలి మారును

సముద్రతీరమున చెన్నపట్నములో చక్కగా అమర్చిన బండిని 2,240 మీటర్ల ఎత్తుననున్న ఉదకమండలమునకు తీసికొని పోయినచో, అచట గాలి సాంద్రత సుమారు ఐదవ వంతు తక్కువ. జెట్లు మాత్రము మారలేదు. కావున మిశ్రమము చిక్కనై బండి మూల్గును. చలికాలపు ఉదయమున గాలి చిక్కన గనుక ఇందుకు విరుద్ధముగా మిశ్రమము పలుచనగును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, చలిగల హోసూరు ప్రాంతపు మెకానికులు ఉదయము వచ్చిన బండికిని మధ్యాహ్నము వచ్చిన బండికిని ఒకే అమరిక చేయక, ఇంజను వేడెక్కువఱకు ఆగుట ఇందుచేతనే.

నేటి కొత్త బండ్లలో ఈ చిక్కులు లేవు. 2008లో సుజుకి ఆర్.ఎం.-జెడ్. 450తో మొదలై, పందెపు ఫోర్-స్ట్రోకు బండ్లు కార్బురేటరును విడిచి ఫ్యూయల్ ఇంజెక్షనునకు మారినవి. మన దేశమున 2020 ఏప్రిలు 1నుండి భారత్ స్టేజి-6 నిబంధనలు వచ్చిన తరువాత రోడ్డు మోటారు సైకిళ్లును ఆ దారినే పట్టినవి. గాలి ఎంత, వేడి ఎంత, పిడి ఎంత త్రిప్పిరి అను సంగతులను కొలిచి, ఒక చిన్న కంప్యూటరు పెట్రోలును చిమ్మించును. అయినను పాత బండ్లు ఇంకను వేలకొలది రోడ్లమీదను, మట్టిలోను తిరుగుచున్నవి. వానిని బాగుచేయు చేతులు కావలయును.

మన పిల్లలలో కొందరు పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో మెకానికు శిక్షణకు పోవుదురు. అచటి పాఠము తమిళమునందో, కన్నడమునందో, ఇంగ్లీషునందో యుండును. జెట్టు, స్లైడు, ఫ్లోటు, చోకు – ఈ పేర్లు ఏ భాష మాట్లాడు వర్క్‌షాపులోనైనను ఒక్కటే. వానికై భయపడ నక్కరలేదు. గాలి ఏల ముందు దూకునో, పెట్రోలు ఏల వెనుకబడునో ఇంటి భాషలో ఒకమారు అర్థమైనచో, ఆ పేర్లు ఒక వారములో నోటికి వచ్చును.

అభ్యాసము

1. 250 మిల్లీలీటర్ల పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారెన్ని లీటర్ల గాలి కావలయును? (ఇథనాలు కలియని పెట్రోలుగా తీసికొనుడు.)

2. హోసూరులో అమర్చిన బండి ఉదకమండలమున మూల్గుచున్నది. దాని స్క్రూ స్లైడునకు ఫిల్టరువైపున నున్నది. స్క్రూను లోనికి త్రిప్పవలయునా, బయటికి త్రిప్పవలయునా?

3. ఒక బండి పిడి సగము త్రిప్పినచోట మాత్రమే పొడిగా తడబడుచున్నది. చోకు వేసినచో తగ్గుచున్నది. సూది క్లిప్పును ఏ వైపునకు మార్చవలయును?

4. మరియొక బండి ఎంత త్రిప్పినను తడబడదు. కాని పూర్తి వేగమున ఒక కిలోమీటరు పోయి ఆగును. కొంతసేపు నిలిపినచో మరల కదలును. కార్బురేటరును విప్పకముందు ఏమి చూచెదరు? కారణము కూడ వ్రాయుడు.